మావాడి లెక్కే వేరు, భయపడాలా?

కొత్తగా ఆలోచించడంపై వచ్చిన ఉత్తరాలకు మానసిక నిపుణుల జవాబులు

సందేహం: మా బాబు ఏడో తరగతి. లెక్కకు జవాబు సరిగ్గానే తెస్తాడు గానీ పుస్తకంలో ఉన్నట్టు చెయ్యడు, సార్ మార్కులు కోస్తున్నారు. ఇంట్లో పాత రేడియో, మిక్సీ ఏదీ వదలడు, విప్పి కూర్చుంటాడు. బుర్రలో ఏదైనా లోపమేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, జగిత్యాల

సమాధానం: ముందు మీరు నిశ్చింతగా నిద్రపోండమ్మా, మీరు రాసినదాంట్లో జబ్బు లక్షణం ఒక్కటీ లేదు. అలవాటైన దారి వదిలి సమస్యను పక్కనుంచి చూడటాన్ని లాటరల్ థింకింగ్ అంటారు. 1967లో ఆ పేరు పెట్టిన ఎడ్వర్డ్ డి బోనో మాల్టాలో పుట్టిన వైద్యుడు. లెక్క ఎట్లా చేశాడో బాబునే చెప్పమనండి. తడుముకోకుండా చెబితే ఆ పద్ధతి వాడికి అర్థమైనట్టే, పరీక్షలో మాత్రం సార్ చెప్పిన పద్ధతి రాయమనండి. (మిక్సీ ప్లగ్గు మీరే తీసి దాచండి.) వయసుకు తగ్గ చదవడం, రాయడం రాకపోయినా, తోటి పిల్లలతో అసలు కలవకపోయినా అప్పుడు పిల్లల మానసిక నిపుణులకు చూపించాలి. ఇక యంత్రాలు విప్పే సంగతికొస్తే, సిరిసిల్ల జిల్లా హనుమాజీపేట సర్కారు బడి పిల్లవాడొకడు వడ్లు బస్తాలకెత్తే యంత్రం తయారుచేశాడు. ఇలాంటి ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇన్‌స్పైర్ మానక్ కింద 10,000 రూపాయలిస్తుంది, హెడ్మాస్టరును అడగండి.

సందేహం: నేను సాంచాల మీద పనిచేస్త. ఏడు దాకనే చదివిన. కొత్త ఉపాయం ఏదన్నా తోస్తే చేసి చూస్త, ఫెయిలయితది. నలభై ఆరేండ్లొచ్చినయి, ఇగ నీ తలకాయ పనిచెయ్యదని ఇంట్ల అంటున్నరు. నిజమేనా సార్?
– ఒక కార్మికుడు, సిరిసిల్ల

సమాధానం: కాదన్నా. మీ ఊళ్లోనే అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు ఉండేవారు, మీకు నేను చెప్పాలా! ఫెయిలవడం సంగతికొస్తే ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశంను తలుచుకోండి. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే (నేసే ముందు దారం చుట్టడం) వాళ్లమ్మ లక్ష్మి దారం పట్టుకుని చెయ్యి అటూ ఇటూ సుమారు 9,000 సార్లు ఆడించాలి, అదీ ఒక్క చీరకు. అమ్మ భుజం నొప్పి చూడలేక, బడి మధ్యలో మానేసిన ఆ కుర్రవాడు 1992లో యంత్రం మొదలుపెట్టాడు. అప్పులయ్యాయి, ఊళ్లో నవ్వారు. చివరి చిక్కు విడిపోయింది మగ్గం దగ్గర కాదు, హైదరాబాద్ బాలానగర్‌లో. కరెంటు పనికి వెళ్లినచోట ఇంకేదో యంత్రం కదిలే తీరు చూసి, ఇది నా ఆసుకు పనికొస్తుందని పట్టుకున్నాడు. 1999లో యంత్రం పూర్తయింది, నాలుగు గంటల పని గంటన్నరకు దిగింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఏడేళ్లు పట్టిందని గమనించండి. మీరు కూడా అప్పుడప్పుడు వేరే పనివాళ్ల షెడ్డుకు వెళ్లి కాసేపు ఊరికే చూస్తూ నిలబడండి. వయసుతో వచ్చే చిన్నచిన్న మరుపు మామూలే. తెలిసిన దారి తప్పడం, రోజూ చేసే పని మరిచిపోవడం ఉంటే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

సందేహం: ఇంటర్వ్యూలో తొమ్మిది చుక్కలిచ్చి, పెన్ను ఎత్తకుండా నాలుగు గీతలతో కలపమన్నారు. చెమటలు పట్టాయి, ఏమీ తోచలేదు. నాకు తెలివి లేదా?
– బీటెక్ విద్యార్థి, కరీంనగర్

సమాధానం: తమ్ముడూ, ఆ లెక్క దగ్గర ఆగిపోయేవాళ్లే ఎక్కువ. గీత చుక్కల చతురస్రం దాటకూడదని ఎవరూ అనలేదు, మనమే అనుకుంటాం. పైగా కంగారులో చూపు ఇరుకవుతుంది. ఇంట్లో మళ్లీ వేసి చూడండి, తోచకపోతే వదిలేసి కాసేపు నడిచి రండి. ఇంటర్వ్యూ లేని రోజుల్లోనూ గుండెదడ, నిద్రలేమి రెండు వారాలకు మించి ఉంటే మానసిక నిపుణులను సంప్రదించండి.

సందేహం: మా ఆయన పదిరోజులుగా రాత్రంతా మేలుకొని కొత్త వ్యాపారాల లెక్కలు రాస్తున్నారు. అలసటే లేదంటారు. వద్దన్నా వినకుండా అప్పులు చేస్తున్నారు. తెలివైనవాళ్లు ఇట్లాగే ఉంటారని బంధువులు అంటున్నారు.
– ఒక గృహిణి, మంచిర్యాల

సమాధానం: మీరు గమనించింది సరైనదే, ధైర్యంగా ఉండండి, దీనికి మంచి మందులున్నాయి. కొత్త ఆలోచన వచ్చినవాళ్లకు ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం మామూలే, అయితే నిద్ర లేకున్నా అలసట తెలియకపోవడం, మాటల వేగం, విచ్చలవిడి ఖర్చు కలిసి వారం దాటితే అది ఉన్మాద స్థితి కావచ్చు. ఆయనతో వాదించకండి, ఈ రెండు మూడు రోజుల్లోనే మానసిక వైద్యులకు చూపించండి. అంతలోపు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.