ఒడెయరు: బిరుదము, దాని పుట్టుక

పెండ్లిమాటలలో "మాది ఒడెయరు వంశము" అని చెప్పుకొనుట మన కుటుంబములలో కలదు. ఈ పెద్దరికము పుట్టుకతో వచ్చునదా?

కన్నడమున ఒడెయ యనగా యజమానుడు, స్వామి. తమిళమున దీనికి సోదరపదము ఉడైయార్. రాజరాజ చోళుని శాసనములలో అది రాజునకు గౌరవవాచకము. కలిగియుండుట యనునది మూలార్థము. భూమియు, బలమును కలవానికే ఆ పిలుపు చెల్లుచుండెను.

12వ శతాబ్దమున కల్యాణములోని శరణులు దానిని జంగమునకు ఒసగిరి. ఇల్లు లేదు, పొలము లేదు, ఒకచోట నిలుకడ లేదు. అట్టి సంచారికి యజమానుడని పేరు! బిజ్జలుని కొలువున భండారియైన బసవేశ్వరుడు తన వాకిట నిలిచిన జంగమును ఒడెయా యని సంబోధించుట ఆనాటి కొలువుకు ఎంత వింతగా తోచెనో ఊహింపదగును. అచట గౌరవము లింగనిష్ఠకే గాని వంశమునకు గాదు. తండ్రి లింగవంతుడైనను కుమారుడు దీక్ష పొందవలసియే యుండెను.

బిరుదము వంశపరమగుట రాజులయందు స్పష్టము. 1399లో యదురాయనికి ఒక జంగముడు తోడ్పడెననియు, అందుచే మైసూరు రాజులు ఒడెయరులైరనియు వారి వంశకథ. వీరశైవులైన కొడగు హాలేరి రాజులును ఈ పేరే ధరించిరి. 1834లో ఆంగ్లేయులు చిక్కవీరరాజును తొలగించిరి. 1971 నాటి 26వ రాజ్యాంగ సవరణతో రాజవంశములకు ప్రభుత్వపు గుర్తింపు పోయినది. మైసూరువారి పేరున ఒడెయరు నేటికిని నిలిచియున్నది.