త్రాగునీరు – ఎముకల బలము

ఎముకల బలమునకు ఆహారమే మూలమని సామాన్యముగా తలంతుము. కాని దినదినము మనము పుచ్చుకొను పానీయములకును ఇందు గొప్ప పాత్ర కలదు. అన్ని పానీయములలో ఎక్కువగా త్రాగునది నీరు. ఆ నీటిని గ్రామమునకు సమకూర్చు బాధ్యత పంచాయతీది. కావున ఈ విషయము సభ్యులెల్లరు తెలిసికొనదగినది.

కొన్ని ప్రాంతముల రాళ్లయందు ఫ్లోరైడు అను లవణము కలదు. అది భూగర్భజలమున కరగి బావులలోను, గొట్టపుబావులలోను చేరును. అందువలన నీటి రంగు గాని, రుచి గాని, వాసన గాని మారదు. తేటగా నున్నంత మాత్రమున నీరు మంచిదని నమ్మరాదు. ఇట్టి నీటివలన ఎముకలకు కలుగు వ్యాధిని 1937లో నాటి మద్రాసు రాష్ట్రమందలి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి వివరించిరి. నల్లగొండ, ప్రకాశం జిల్లాల ప్రజలు దీనివలన మిక్కిలి బాధపడిరి.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేరు నీటివసతి లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో, మొదట పిల్లల పండ్లపై తెల్లని, గోధుమరంగు చారలు కనబడును. పిదప మెడ, నడుము, కీళ్లు బిగిసిపోవును. కొందరి కాళ్లు వంకరలగును. అట్లు వంగిన ఎముకను ఏ మందును తిన్నగా చేయజాలదు. కావున వ్యాధి రాకుండ కాపాడుకొనుటయే ఉత్తమ మార్గము.

నీటిని కాచి త్రాగిన చాలదా యని కొందరడుగుదురు. కాచుటవలన క్రిములు నశించును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది దాని పాలు హెచ్చును. తేయాకులో సహజముగనే ఫ్లోరైడు కలదు. కావున ఇట్టి నీటితో కాచిన తేనీటిని పలుమారులు త్రాగుట మరింత హానికరము.

కాల్షియము చాలని శరీరమునకు ఈ కీడు అధికముగా సోకును. పెద్దలకు దినమునకు సుమారు 1,000 మిల్లీగ్రాముల కాల్షియము అవసరము. 200 మిల్లీలీటర్ల పాలలో సుమారు 240 మిల్లీగ్రాములు, 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా లభించును. కావున మంచినీటితో చేసిన మజ్జిగ, రాగి అంబలి పేదలకును అందుబాటులోనున్న మేలైన పానీయములు. వీని స్థానమును సీసాలలోని తీపి సోడాలు ఆక్రమించినచో ఎదుగు పిల్లలకు నష్టము కలుగును.

పంచాయతీలు చేయదగిన పనులివి:

1. గ్రామమందలి ప్రతి బావి, గొట్టపుబావి నీటిని పరీక్షింపజేసి, ఫలితమును అందరికి కనబడునట్లు కార్యాలయమున వ్రాయించవలెను.

2. పరిమితి మించినచోట ఎర్రరంగు పూయించి, "ఈ నీరు త్రాగరాదు" అని వ్రాయించవలెను.

3. పాఠశాలకు, అంగన్‌వాడీకి సురక్షితమైన నీటిని మొట్టమొదట అందింపవలెను.

4. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ వంటి పథకములవలన నదీజలము గ్రామములకు చేరినది. కాని గొట్టము పగిలి నీరు ఆగినచో ప్రజలు మరల పాత బోరునే ఆశ్రయింతురు. కావున మరమ్మతు తక్షణము జరుపవలెను. అంతవరకు మంచినీటిని బండ్లపై తెప్పించవలెను.

5. వేరు గతి లేనిచోట పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిని తేర్చు "నల్లగొండ పద్ధతి" కలదు. వీని పాళ్లను నిపుణులే నిర్ణయింపవలెను.

చెడిన బాటను మరుసటి ఏడు బాగుచేయవచ్చును. బాల్యమున చెడిన ఎముకను అట్లు బాగుచేయుట సాధ్యము కాదు. రాబోవు పంచాయతీ సమావేశముననే నీటి పరీక్షను చర్చకు తెచ్చుట సభ్యుల ప్రథమ కర్తవ్యము.