వేరుకు లొంగని పొర

పాత దేవాలయ గోపురాల మీద, కోట గోడల బీటలలో రావి మొక్కలు మొలవడం తెలుగువారందరికీ పరిచితమైన దృశ్యమే. పక్షి రెట్టతో వచ్చి పడిన ఆవగింజకన్న చిన్న విత్తనం కాలక్రమాన రాతి కట్టడాన్నే చీల్చివేస్తుంది. ఇంత బలం వేరుకు ఎక్కడిది?

వేరు కొనకు కొంచెం వెనుకనున్న కణాలు నీటిని పీల్చుకొని పొడవుగా సాగుతాయి. ఆ కణాలలోని నీటి పీడనమే కొనను ముందుకు నెడుతుంది. ఈ ఒత్తిడి వాతావరణ పీడనానికి దాదాపు 10 రెట్ల వరకు చేరగలదు. కారు టైరులోని గాలి ఒత్తిడికి ఇది నాలుగు రెట్లకు పైమాటే. వెంట్రుకవాసి సందు దొరికితే చాలు, వేరు అందులో ప్రవేశించి, లావెక్కుతూ ఆ సందును వెడల్పు చేస్తుంది.

నేలలోని బేస్‌మెంట్ గోడలకు, మట్టి పోసి తోటలు పెంచే డాబాలకు నీరు చొరని పొర అవసరం. నార్వే ప్రజలు పూర్వం పచ్చిక కప్పుల అడుగున భూర్జ వృక్షపు బెరడు పరిచేవారు. ఆధునిక కాలంలో ఆ స్థానాన్ని ఎక్కువగా బిట్యుమెన్, అనగా పెట్రోలియం నుండి లభించే తారు, ఆక్రమించినది. ఇది నీటిని చక్కగా ఆపుతుంది. కాని చూడడానికి ఘనపదార్థమైనా, ఎడతెగని ఒత్తిడికి మెల్లగా జరిగిపోవడం దీని స్వభావం. అందువల్ల నీటిని ఆపిన పొర వేరును ఆపలేదు.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి మూడు మార్గాలున్నాయి. మొదటిది, పాలిథిలీన్, పి.వి.సి. వంటి దట్టమైన ప్లాస్టిక్ పొరలను వాడడం. వీటిలో బలహీన స్థానం అతుకు. అతుకులను వేడితో కరిగించి ఏకం చేయాలి. రెండవది, పొరలో పలుచని రాగి రేకును అమర్చడం. రేకు అడ్డుగోడగా నిలుస్తుంది, రాగి అయానులు వేరు కొనకు హాని చేస్తాయి.

మూడవది రసాయనిక మార్గం. మెకోప్రాప్ అనే కలుపుమందును ఎస్టర్ రూపంలో బిట్యుమెన్‌లో కలుపుతారు. ఎస్టర్ నీటిలో దాదాపు కరగదు కనుక పొరలోనే నిలిచి ఉంటుంది. పొర ఉపరితలాన తేమ తగిలినప్పుడు కొద్దికొద్దిగా విడిపోయి ఆమ్లంగా మారుతుంది. ఈ ఆమ్లం మొక్కలలోని ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోనును పోలి ఉండి, వేరు పెరుగుదలను అస్తవ్యస్తం చేస్తుంది.

అయితే నీటిలో కరిగే ఆ ఆమ్లం వానతోపాటు కొట్టుకొనిపోతుంది. ఇంటిని కాపాడిన మందే త్రాగునీటి వనరులలో చేరే ప్రమాదమున్నది. చదునైన కప్పుల నుండి కాలువలు, సరస్సులలో చేరే మెకోప్రాప్, పొలాల నుండి చేరే దానితో పోల్చదగినంత ఉన్నదని 1998లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. తరువాత మరింత నిదానంగా విడిపోయే ఎస్టర్లు వాడుకలోకి వచ్చాయి.

ఐరోపా ప్రమాణం ఇ.ఎన్. 13948 ప్రకారం, అతుకులతో సహా పొరను పెట్టెలలో పరచి, మట్టి నింపి, మొక్కలు నాటి 2 సంవత్సరాలు పెంచి పరీక్షిస్తారు. ఈ ఓపిక అవసరమే. మట్టి క్రింద దాగిన పొరను బాగుచేయాలంటే తోటనంతా త్రవ్వవలసి వస్తుంది.

డాబాపైన, ఇంటి గోడప్రక్కన తోట వేయదలచిన వారు మూడు సంగతులు విచారించాలి: పొర వేరు పరీక్షలో నెగ్గినదా? అతుకులు సరిగా ఉన్నవా? కప్పుమీది నీరు ఎక్కడికి పోతున్నది? వెదురు వంటి బలమైన భూగర్భ కాండాలు గల మొక్కలకు మామూలు పొర చాలదు, వాటికి వేరే అడ్డుగోడ ఉండాలి. నీటిని ఆపడం ఒక విద్య, వేరును ఆపడం మరొక విద్య. ఒకటి చేతనైన పొరకు రెండవది చేతనవునని భావించరాదు.