గాలానికి బరువు

పిల్లలూ! మన మారిషస్ దేశం చుట్టూ సముద్రం ఉంది. సముద్రంలో తీరానికి కొంత దూరంలో పగడపు దిబ్బలు ఉన్నాయి. పెద్ద అలలు ఆ దిబ్బలకు తగిలి విరిగిపోతాయి. అందువలన దిబ్బల లోపలి నీరు నెమ్మదిగా ఉంటుంది. మాహెబూర్, గ్రాంగోబ్ వంటి ఊళ్ళలో చాలామంది ఆ నీటిలో గాలం వేసి చేపలు పడతారు. సెలవు రోజున మీరు కూడా మీ తాతగారితోనో, మామయ్యతోనో వెళ్ళి గాలం వేసే ఉంటారు.

గాలానికి ఏమేమి కావాలి? దారం కావాలి. కొక్కెం కావాలి. ఎర కావాలి. ఇవి ఉంటే చాలునా? చాలదు. దారం తేలికగా ఉంటుంది. దానిని దూరంగా విసరలేము. విసిరినా అది నీటిపై తేలుతుంది, లేక నీటి ప్రవాహంలో కొట్టుకొని పోతుంది. అందుకే దారానికి ఒక బరువు కడతారు. బరువు ఎరను అడుగుకు తీసుకొని పోతుంది.

ఫ్రెంచి భాషలో ఈ బరువును "ప్లోం" అంటారు. ఆ భాషలో సీసానికి కూడా "ప్లోం" అనే పేరు. ఒకే మాటకు రెండు అర్థాలు. అందువలన గాలపు బరువు అంటే సీసమే అని కొందరు అనుకొంటారు. తెలుగులో ఆ చిక్కు లేదు. బరువు వేరు, సీసం వేరు. బరువుగా ఉండే వస్తువు ఏదైనా గాలాన్ని ముంచుతుంది.

సీసం ఎటువంటిది?

సీసం ఒక లోహం. అది నీటికంటె 11 రెట్లకు పైగా బరువైనది. చాలా మెత్తనిది. 327 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరుగుతుంది. కాబట్టి కొందరు దానిని ఇంటిలోనే కరిగించి, అచ్చులలో పోసి బరువులు చేసుకొంటారు. చిన్న సీసపు గుండ్లను పళ్ళతో నొక్కి దారానికి బిగిస్తారు.

ఇవి మంచి పనులు కావు. సీసం విషం. దానిని ముట్టుకొంటే సన్నని పొడి చేతికి అంటుతుంది. ఆ చేతితో రొట్టె తింటే ఆ పొడి కడుపులోకి పోతుంది. సీసం కరిగించేటప్పుడు వచ్చే పొగ ఊపిరితో లోపలికి పోతుంది. లోపలికి పోయిన సీసం రక్తంలో కలుస్తుంది. ఎముకలలో చేరి ఏళ్ళ తరబడి ఉంటుంది. పెద్దవారికంటె చిన్నపిల్లలకు దాని వలన హాని ఎక్కువ. అది మెదడు ఎదుగుదలను చెడగొడుతుంది. అప్పుడు చదువు మీద మనసు నిలవదు. రక్తం తగ్గుతుంది. కొంచెమైతే పరవాలేదు అని చెప్పడానికి వీలు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది.

హంసలకు ఏమైంది?

ఇంగ్లండు దేశపు నదులలో తెల్లని హంసలు ఉన్నాయి. హంసలకు పళ్ళు లేవు. అవి చిన్న చిన్న రాళ్ళను మింగుతాయి. ఆ రాళ్ళు కడుపులో మేతను నలుపుతాయి. గాలం వేసేవారు జారవిడిచిన సీసపు గుండ్లు నది అడుగున పడి ఉండేవి. హంసలు వాటిని రాళ్ళు అనుకొని మింగేవి. సీసం వాటి రక్తంలో కలిసేది. వాటి మెడ వాలిపోయేది. మేత మింగలేక చచ్చిపోయేవి. ఇది తెలిసి, 1987లో ఆ దేశంలో చిన్న సీసపు గాలపు బరువుల అమ్మకాన్ని నిషేధించారు. ఆ తరువాత హంసల సంఖ్య మరల పెరిగింది.

సీసం లేకుండా బరువు చేసే విధం

పూర్వం చాలా దేశాలలో జాలరులు వలల అంచులకు రాళ్ళు, కాల్చిన మట్టి గుండ్లు కట్టేవారు. మనము కూడా సీసం లేకుండా బరువులు చేయవచ్చు. మూడు విధాలు నేర్చుకొందాం.

1. రాతి బరువు: మన దేశంలో నల్లరాయికి కొరత లేదు. కోడిగుడ్డుకంటె చిన్నదిగా, నున్నగా ఉన్న రాయిని తీసుకోండి. రంధ్రాలు ఉన్న రాయి తేలికగా ఉంటుంది, అది వద్దు. పొట్లం కట్టినట్లు అడ్డంగా, నిలువుగా నూలుదారం చుట్టి గట్టిగా ముడి వేయండి. దానిని గాలపు దారానికి ఇంకొక సన్నని నూలుదారంతో కట్టండి. రాయి బండల మధ్య చిక్కుకొంటే సన్నదారం తెగుతుంది. రాయి సముద్రంలో మిగులుతుంది. కొక్కెం, చేప మీకు దక్కుతాయి.

2. గులకరాళ్ళ సంచి: పాత నూలుగుడ్డతో రెండు వేళ్ళ వెడల్పు, ఒక వేలు పొడవు ఉన్న సంచి కుట్టండి. దానిని చిన్న గులకరాళ్ళతో నింపి, మూతి కట్టండి. ఇది మెత్తగా ఉంటుంది కాబట్టి బండల మధ్య సులభంగా చిక్కుకోదు.

3. ఇనుప బరువు: పాత ఇనుప నట్లను శుభ్రంగా తుడిచి, వాటి రంధ్రాలలో దారం దూర్చి కట్టండి. అది ఇనుమో, సీసమో తెలియకపోతే అయస్కాంతం దగ్గర పెట్టండి. అయస్కాంతం ఇనుమును లాగుతుంది, సీసాన్ని లాగదు.

జాగ్రత్త! పగడాలను విరవరాదు. సముద్రపు ఒడ్డున ఇసుక తీయరాదు. పాత బ్యాటరీలను బరువుగా కట్టరాదు. వాటిలో కూడా విషాలు ఉంటాయి.

ఎంత బరువు కావాలి?

నీటిలో మునిగిన వస్తువు తేలికైనట్లు కనిపిస్తుంది. ఎందుకు? అది కొంత నీటిని పక్కకు తోస్తుంది. అలా తోసిన నీటి బరువెంతో, అంత బరువు తగ్గుతుంది. గట్టి నల్లరాయి నీటికంటె సుమారు 3 రెట్లు బరువైనది. కాబట్టి 90 గ్రాముల రాయి నీటిలో 60 గ్రాములే తూగుతుంది. 60 గ్రాముల సీసానికి బదులు సుమారు 80 గ్రాముల రాయి కట్టాలి. ఇనుమైతే 63 గ్రాములు చాలు. రాయి కొంచెం పెద్దదిగా ఉంటుంది, అంతే భేదం.

ఇంటిలో సీసపు బరువులు ఉంటే?

వాటిని కొరకవద్దు. వాటితో ఆడవద్దు. సముద్రంలో పారవేయవద్దు. మూత ఉన్న డబ్బాలో పెట్టి, చిన్నపిల్లలకు అందకుండా ఉంచమని అమ్మతో చెప్పండి. వాటిని ముట్టుకొంటే సబ్బుతో చేతులు కడుక్కోండి. సీసం కరిగించిన గిన్నెలో ఎన్నడూ వంట చేయరాదు.

మీ ఇంటిలో ఎవరైనా సీసం కరిగిస్తే మీరు దగ్గర నిలబడవద్దు. తరువాత మెల్లగా, మర్యాదగా అడగండి: "తాతగారూ, ఈసారి రాయి కట్టి చూద్దామా?" మీరు చేసిన బరువును వారి చేతిలో పెట్టండి. గాలం వేయడంలో వారికి ఎంతో అనుభవం ఉంది. మంచి ముడి ఎలా వేయాలో వారే మీకు నేర్పుతారు.

కొత్త మాటలు

ఎర = చేపను ఆకర్షించడానికి కొక్కేనికి గుచ్చే తిండి
జాలరి = చేపలు పట్టేవాడు
అయస్కాంతం = ఇనుమును లాగే వస్తువు
నిషేధించు = చేయకూడదని ఆజ్ఞాపించు

ప్రశ్నలు

1. గాలానికి బరువు ఎందుకు కడతారు?
2. సీసం మన శరీరంలోకి ఏయే విధాలుగా చేరుతుంది?
3. హంసలు సీసపు గుండ్లను ఎందుకు మింగేవి?
4. రాతి బరువును సన్నని నూలుదారంతో ఎందుకు కట్టాలి?

ఖాళీలను పూరించండి

1. సీసం ______ డిగ్రీల వేడికి కరుగుతుంది.
2. అయస్కాంతం ______ ను లాగుతుంది.
3. 90 గ్రాముల నల్లరాయి నీటిలో ______ గ్రాములు తూగుతుంది.

చేసి చూడండి

ఒక రాయిని దారంతో కట్టి, స్ప్రింగు త్రాసుకు వేలాడదీసి తూచండి. తరువాత దానిని బకెట్టు నీటిలో ముంచి తూచండి. రెండు అంకెలను మీ పుస్తకంలో వ్రాసుకోండి. ఎంత తగ్గినదో లెక్క కట్టి, మీ గురువుగారికి చూపండి.