తుపాను రాత్రి గుడి తలుపులు

పాఠ్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, అపొస్తలుల కార్యములు 20:7-12



క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టవలెనని ధర్మశాస్త్రము విధించినది. ఎవడైనను పడిన తరువాత కాదు, పడకమునుపే. పడినవాడు ఒళ్లు మరచి నడిచెనా అని ఆ వచనము విచారింపదు. ఇంటివానినే ఉత్తరవాదిగా నిలువబెట్టుచున్నది. ఈ మాసము ఆ మాటను మన గుడికిని, అందులో ఒక్క రాత్రి తల దాచుకొన వచ్చువారికిని అన్వయించి చూచుకొందము.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది మొదలు, తుపాను హెచ్చరిక వినబడగానే పక్కా కట్టడము చేరవలెనని కోస్తా ప్రజలకు ఒకరు చెప్పనక్కరలేదు. ప్రభుత్వము తుపాను భవనములు కట్టించినది నిజమే. అయినను బడియో, గుడియో, పంచాయతీ భవనమో, ఏది దగ్గరనుంటే దానిలోనికే పిల్లలతోను మూటలతోను వత్తురు. మేకపిల్లలను చంకనెత్తుకొని వచ్చువారును కలరు. మనము గాలికిని నీటికిని భయపడి తలుపులు తెరచెదము. నిప్పు సంగతి తలంపునకే రాదు. ఇంత వానలో నిప్పు భయమేమని నవ్వువారిని మేమెరుగుదుము.

ఆ రాత్రి లోపల ఏముండునో చూడుడి. కరెంటు ఉండదు గనుక కొవ్వొత్తులు, కిరసనాయిలు దీపములు. చాపలు, బొంతలు, వాటి నడుమ దోమల కాయిళ్లు. పసిబిడ్డ పాలకొరకు ఒక స్టవ్వు. క్రిస్మసుకు కట్టి ఇంకను విప్పని కాగితపు తోరణములు. గాలికి కొట్టుకొనుచున్నదని పెద్ద తలుపునకు గడియ. జనులకు చోటు చేయుటకై తీసిన బెంచీలన్నియు ప్రక్క తలుపునకు అడ్డముగా పేర్చి యుండును.

ఒక గ్రామములో ఇట్లే జరుగగా మేమక్కడనే యుంటిమి. ఊరి పేరు వ్రాయము, ఏలయనగా ఆ తప్పు ఆ యూరిదొక్కదానిదే కాదు. నడిరేయి ఒక బొంత అంచు కాయిలుమీద పడి రాజుకొన్నది. మంట లేదు, పొగ మాత్రమే. ఒక ముసలమ్మ దగ్గునకు మెలకువ వచ్చినవారు ప్రక్క తలుపునొద్దకు పోయి, చీకటిలో బెంచీలు లాగి చూడగా తాళము! చెవి పెద్దగారి మొలలో నున్నది, ఆయన చెరువుగట్టు చూడబోయిరి. ఎవరో పెద్ద తలుపు గడియ తీసి ఆ బొంతను వానలోనికి ఈడ్చివేసిరి గనుక అంతటితో పోయినది. అది మంటయై, పెద్ద తలుపునకు ఇవతల లేచియుండినయెడల ఏమగునన్నది తెల్లవారువరకు మాకు తట్టలేదు. తట్టిన తరువాత కాఫీ గొంతు దిగలేదు.

ఇతర చోట్ల అంతటితో పోలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాట ఏర్వాడిలో మతి చెదరినవారిని ఉంచిన పాకకు తెల్లవారుజామున నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్న 28 మంది చనిపోయిరి. 1995 డిసెంబరు 23న హర్యానాలోని దబ్వాలీలో బడి ఉత్సవపు షామియానా అంటుకొన్నప్పుడు, బయటపడుటకు దారి చాలక 400 మందికి పైగా, అందులో అనేకులు పిల్లలు, ప్రాణములు విడిచిరి. మనము ఎవరిని గొలుసులతో కట్టము. తాళము మాత్రము వేయుదుము.

పొగ వాసన నిద్రించువానిని లేపునని నమ్మరాదు. లేపకముందే అది మత్తెక్కించి చంపును. గనుక మేల్కొనియుండు మనుష్యుడు కావలెను. ఇద్దరిద్దరుగా వంతులు వేసికొని, బ్యాటరీ లైటు చేతబట్టి, అందరు పడుకొన్న తరువాత దీపములన్నియు ఆర్పించి తిరుగవలెను. నిప్పు లేచినయెడల గుడి గంట కొట్టుదుమని పండుకొనకముందే అందరికి చెప్పవలెను. పొగ పైకి ప్రాకును గనుక నేలను అంటుకొని తలుపువైపు ప్రాకుమని పిల్లలకు ఆటవలె నేర్పవచ్చును. నడువలేని వృద్ధులను, నిండు గర్భిణులను మూలలలో గాక తలుపుల దగ్గర పండుకొనబెట్టుడి. లోపలికి వచ్చినవారి పేర్లు ఒక కాగితముమీద వ్రాసికొనుడి. బయట నిలువబడి లెక్కించునప్పుడు ఎవరు లేరో అదే చెప్పును.

వంట వరండాలోనే. వంట గ్యాసు గాలికన్న బరువైనది గనుక కారినయెడల నేలమీద పరచుకొని, సరిగా పడుకొన్నవారి మధ్యకే వచ్చును. అప్పుడు అగ్గిపుల్ల గీయరాదు, స్విచ్చి ముట్టరాదు, తలుపులు తెరువవలెను. తడి బట్టలు ఆరుటకని కుంపటి లోపల పెట్టి తలుపులు మూయుట, జనరేటరు లోపల నడుపుట, ఈ రెండును వాసనలేని విషవాయువును పుట్టించును. రెండు బకెట్ల ఇసుక, రెండు బకెట్ల నీళ్లు తలుపునొద్ద నుంచుడి. నూనె మంటమీద నీళ్లు పోయరాదు. అగ్నిమాపక శాఖకు 101, ఏ ఆపదకైనను 112. అయితే తుపాను రాత్రి ఫోను పలుకకపోవచ్చును, పలికినను చెట్లు పడిన దారిలో బండి రాలేకపోవచ్చును.

త్రోయలోని మేడగదిలో అనేక దీపములుండెనని లూకా వ్రాసెను. ఐతుకు కిటికీలో కూర్చుండి నిద్రించి మూడవ అంతస్తునుండి పడెను. పౌలు ప్రసంగపు నిడివినిగూర్చి నవ్వుకొనుట మనకు వాడుక. అందరి కన్నులు బోధకునిమీదనే యుండెను కాబోలు; కిటికీవైపు చూచువాడొకడు ఉండినయెడల ఆ చిన్నవానిని క్రింద కూర్చుండబెట్టియుండును.

తుపానుల కాలమగు అక్టోబరు రాకముందే పెద్దలు ఒక పని చేయవలెనని కోరుచున్నాము. ఒక ఆదివారము సాయంకాల ఆరాధన ముగిసిన తరువాత దీపములార్పి, ప్రక్క తలుపు తెరచి బయటికి వెళ్లి చూడుడి. ఎంతసేపు పట్టినదో, తాళపు చెవి ఎవరియొద్ద దొరికినదో సంఘపు పుస్తకములో వ్రాసియుంచుడి.