గిడ్డంగికి ఏ కప్పు మేలు? రేకు ధర కాదు, సరుకు ధర చూడాలి

ధారణ మెత్తబడినప్పుడు సరుకు అమ్మకుండా నిలబెట్టుకోవడం వర్తకంలో మామూలే. దుగ్గిరాల పసుపయినా, ఆదోని పత్తి అయినా, వరంగల్లు ఎనుమాముల యార్డుకు వచ్చే మిర్చి అయినా, రెండు నెలలు ఆగితే గిరాకీ పుంజుకుంటుందన్న ఆశతో లోపల వేస్తారు. ఆ రెండు నెలలూ సరుకును కాచేది గిడ్డంగి కప్పు. క్వింటాలుకు ఐదువందలు తేజీ వచ్చినా, బస్తాలు తడిసి బూజు పడితే ఆ లాభం చేతికి రాదు. సరుకు మీద తీసుకున్న అప్పుకు వడ్డీ మాత్రం ఆగదు.

2007 నాటి గిడ్డంగుల చట్టం 2010లో అమలులోకి వచ్చిన తరువాత ఈ విషయానికి ప్రాముఖ్యం మరింత పెరిగింది. ఆ చట్టం కింద రిజిస్టరయిన గిడ్డంగి ఇచ్చే రశీదును చేతులు మార్చవచ్చు, బ్యాంకులో కుదువ పెట్టవచ్చు. రశీదుకు విలువ వున్నదంటే లోపలి సరుకు నాణ్యత చెడలేదన్న నమ్మకమే కారణం. కప్పు కారితే ఆ నమ్మకమూ కారిపోతుంది.

అయినా కొత్త గిడ్డంగి కట్టేటప్పుడు చాలామంది అడిగే మొదటి ప్రశ్న "చదరపు అడుగు ఎంత?" అన్నదే. అడగవలసిన మొదటి ప్రశ్న "కింద ఏ సరుకు వుంటుంది?" అన్నది.

నలుగురు శత్రువులు

కప్పు ఎదుర్కోవలసిన శత్రువులు నలుగురు: వాన, ఎండ, గాలి, చెమ్మ. మొదటి ముగ్గురూ అందరికీ తెలిసినవారే. నాలుగోది కనబడకుండా పనిచేస్తుంది.

చలికాలపు రాత్రి ఆకాశం నిర్మలంగా వున్నప్పుడు ఇనుప రేకు చుట్టూ వున్న గాలికన్న చల్లబడుతుంది. గిడ్డంగిలోని వెచ్చని, తేమగల గాలి ఆ రేకు అడుగున తగిలి నీటి బొట్లుగా మారుతుంది. కొత్త వడ్లు, సరిగా ఎండని పసుపు లోపల వుంటే అవి విడిచే తేమ కూడా దీనికి తోడవుతుంది. తెల్లవారేసరికి పైవరుస బస్తాల మీద మచ్చలు కనిపిస్తాయి. వాన లేకుండా తడి ఎక్కడిదని యజమాని మేస్త్రీని పిలిపించి కన్నం వెతికిస్తాడు. కన్నం వుండదు. చెమర్చినది రేకే.

ఎండ సంగతి సరుకునుబట్టి మారుతుంది. వేడికీ వెలుతురుకూ మిర్చి ఎరుపు వెలిసిపోతుంది. మిర్చికి రంగే ధర. ధాన్యానికి వేడికన్న తేమ ప్రమాదం. పత్తికి అన్నింటికన్న నిప్పు భయం ఎక్కువ. అందుచేత ముగ్గురు వర్తకులకు ఒకే కప్పు సరిపడదు.

కప్పు రకాలు

పెంకు: మంగుళూరు పెంకు వేసిన పాత గిడ్డంగులు కోస్తా పట్టణాలలో ఇంకా కనిపిస్తాయి. పెంకు కింద చల్లగా వుంటుంది, సందులగుండా గాలి ఆడుతుంది, పగిలిన పెంకు ఒక్కటే మార్చుకోవచ్చు. అయితే బరువు ఎక్కువ, కర్ర ఎక్కువ కావాలి, కోతులు తొక్కితే పెంకులు జరుగుతాయి, తుపాను గాలికి లేచిపోతాయి. పెద్ద వెడల్పులకు ఇది పనికిరాదు.

కాంక్రీటు శ్లాబు: 12 సెంటీమీటర్ల శ్లాబు చదరపు మీటరుకు సుమారు 300 కిలోలు తూగుతుంది. గాలికి ఎగరదు, దొంగలకు లొంగదు, నిప్పుకు తట్టుకుంటుంది. దాని లోపాలు రెండు. పగలంతా తాగిన వేడిని రాత్రి లోపలికి విడుస్తుంది. స్తంభాలు దగ్గర దగ్గరగా వేయవలసి వుంటుంది గనుక బస్తాలు పేర్చడానికీ, లారీ వెనక్కు పెట్టడానికీ చోటు తగ్గుతుంది. చిన్న కమిషన్ కొట్టుకు, పైన మరో అంతస్తు కట్టదలచినవారికి శ్లాబు మేలు. పైభాగాన వందకు ఒకటి చొప్పునైనా వాలు వుంచి, నీటి తూములను వానాకాలానికి ముందే శుభ్రం చేయించకపోతే శ్లాబు కూడా కారుతుంది.

సిమెంటు రేకు: 1946లో హైదరాబాదులో కర్మాగారం వెలసిన నాటినుంచి తెలుగునాట ఇది ఇంటింటి సరుకయింది. తుప్పు పట్టదు, ఇనుప రేకంత చెమర్చదు, ధర తక్కువ. చదరపు మీటరుకు ఇనుప రేకుకన్న సుమారు మూడు రెట్లు బరువు. దెబ్బకు పగులుతుంది. ఆస్బెస్టాస్ కలిసిన రేకు విషయం కింద వేరుగా వుంది.

ఇనుప రేకు: నేటి పెద్ద గిడ్డంగులలో ఎక్కువగా కనిపించేది రంగు పూసిన ఉక్కు రేకు. బరువు చదరపు మీటరుకు 4 నుంచి 5 కిలోలే కావడంవల్ల ఉక్కు ట్రస్సులమీద 15, 20 మీటర్ల వెడల్పును నడుమ స్తంభం లేకుండా కప్పవచ్చు. పని త్వరగా సాగుతుంది. వేడి, చెమ్మ దీని లోపాలు. రేకు కింద గాజు దూది పరిచి, దాని అడుగున తేమ దూరని పొర వేస్తే రెండింటికీ చాలావరకు కట్టడి కుదురుతుంది.

నురుగు నింపిన జోడు రేకు: రెండు రేకుల నడుమ పాలీయూరిథేన్ నురుగు నింపిన పలకలు శీతల గిడ్డంగులకు తగినవి. ఖర్చు ఎక్కువ, చలువ నిలుపుతాయి. కాని ఆ నురుగు మండే పదార్థం. పత్తి జిన్నింగు మిల్లుకు ఇలాంటి పలకలే కావాలనుకుంటే నురుగుకు బదులు రాతి దూది నింపినవి తీసుకోవడం క్షేమం.

కొనేటప్పుడు మోసపోయే చోటు

ఇనుప రేకు బేరంలో అంకె ఒకటే వినిపిస్తుంది గాని మందాలు రెండు వుంటాయి: పూతతో కలిపిన మందం, అసలు ఉక్కు మందం. 0.50 మిల్లీమీటర్లని చెప్పిన రేకులో పూత తీసివేస్తే ఉక్కు 0.45 మాత్రమే వుండవచ్చు. ఇద్దరు అమ్మకందార్లు 0.50 అని చెప్పి వేరు వేరు ధరలు పలికితే, ఒకరు పూతతో, మరొకరు పూత లేకుండా చెబుతున్నారేమో ముందు తేల్చుకోవాలి. అసలు ఉక్కు మందం ఎంతో, చదరపు మీటరుకు పూత ఎన్ని గ్రాములో బిల్లుమీద రాయించుకోవడం మంచిది.

సముద్రానికి దగ్గరలో ఉప్పు గాలికి ఉత్త జింకు పూత త్వరగా తినివేయబడుతుంది. కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల అల్యూమినియం, జింకు కలిసిన పూతగల రేకు ఎక్కువకాలం నిలుస్తుంది. అందులో అల్యూమినియం 55 శాతం వుంటుంది.

గాలి లెక్క

1977 నవంబరు 19 నాటి దివిసీమ వుప్పెనను చూసినవారికి గాలి బలం వేరే చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకు విశాఖపట్నం విమానాశ్రయం కప్పు సైతం దెబ్బతిన్నది.

భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించిన మూల గాలి వేగం సెకనుకు కర్నూలులో 39 మీటర్లు, హైదరాబాదులో 44, విజయవాడ, విశాఖపట్నం, నెల్లూరులలో 50. కర్నూలుకూ విశాఖకూ తేడా కొద్దిగానే వున్నట్టు తోస్తుంది. కాని గాలి ఒత్తిడి వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. లెక్క కడితే చదరపు మీటరుకు ఒత్తిడి కర్నూలులో సుమారు 93 కిలోలు, హైదరాబాదులో 118, విశాఖలో 153 వస్తుంది. రేకు సొంత బరువు 5 కిలోలు. తక్కిన బలాన్నంతా తట్టుకోవలసింది స్క్రూలు, హుక్కు బోల్టులు, వాటిని పట్టుకున్న అడ్డ కమ్ములు. చూరు అంచుల్లోను, మూలల్లోను, నడికొప్పు దగ్గర గాలి కప్పును పైకి మరింతగా పీలుస్తుంది. అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా వేయించాలి. తుపాను వేళ షట్టరు తెరిచి వుంటే లోపలికి దూరిన గాలి కూడా కప్పును పైకి నెడుతుంది.

రేకుమీద లక్ష పెట్టి, బోల్టులలో రెండువేలు మిగుల్చుకున్న కప్పు మొదటి తుపానుకే ఆ మిగులును వడ్డీతో సహా వసూలు చేస్తుంది.

వాలు, అతుకు, నీటి దారి

30 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు వున్న గిడ్డంగి నేల వైశాల్యం 450 చదరపు మీటర్లు. ఒక సెంటీమీటరు వాన పడితే ఆ కప్పుమీద 4,500 లీటర్ల నీరు దిగుతుంది. ఒక్క రోజులో 10 సెంటీమీటర్లు పడితే 45,000 లీటర్లు. చూరు కాలువ, దింపుడు గొట్టాలు ఈ నీటిని మోయగలవా అని మేస్త్రీని ముందే అడగాలి. రెండు కప్పులు కలిసే లోయ కాలువ వీలయినంతవరకు లేకుండా చూసుకోవాలి. ఆకులు, పిచ్చుక గూళ్ళు అడ్డుపడితే నీరు వెనక్కు ఎక్కి బస్తాలమీదికి దిగేది అక్కడినుంచే.

రేకుమీద రేకు కొస అతుకు 15 సెంటీమీటర్లకు తగ్గకూడదు. వాలు తక్కువయితే అతుకు పెంచి, నడుమ మెత్తని బందు వేయించాలి. 6 మిల్లీమీటర్ల సిమెంటు రేకుకు అడ్డ కమ్ముల నడుమ దూరం 1.4 మీటర్లు మించరాదు. బోల్టు కన్నం రేకు మిట్టలో పడాలి, నీరు పారే పల్లంలో పడరాదు. స్క్రూను రబ్బరు వాషరు చితికేటంత బిగించినా, వదులుగా విడిచినా నీరు దిగుతుంది.

వెలుతురు కోసం పారదర్శక రేకులు వేసేవారు వాటిని నడవ పైన వేయాలిగాని మిర్చి వరుసల పైన వేయరాదు.

ఆస్బెస్టాస్ మాట

ఆస్బెస్టాస్ నూలు దుమ్ము పీల్చడంవల్ల ఊపిరితిత్తుల జబ్బులు, కాన్సరు వస్తాయని రుజువయింది. యూరోపియన్ యూనియన్ 2005లో దీని వాడకాన్ని నిషేధించింది. ఈ పరిశ్రమలో పనిచేసేవారి ఆరోగ్య రక్షణ గురించి సుప్రీంకోర్టు 1995లోనే ఆదేశాలిచ్చింది. కప్పుమీద చెక్కు చెదరకుండా వున్న రేకుకన్న కోసేటప్పుడు, విరగ్గొట్టేటప్పుడు లేచే దుమ్ముతోనే ఎక్కువ ముప్పు. పాత రేకులు దించేవారు తడిపి దించాలి, మరరంపం పెట్టరాదు, ముక్కలను పొడి చేసి గుంతలు పూడ్చరాదు. కొత్తగా వేయదలచినవారికి ఆస్బెస్టాస్ లేని సిమెంటు రేకులు దొరుకుతున్నాయి.

రకమేదయినా సిమెంటు రేకుమీద నేరుగా కాలు పెట్టకూడదు. బరువు పంచే నిచ్చెన పలక వేసుకొని, నడుముకు తాడు కట్టుకొని ఎక్కాలి. ఒక కన్నం పూడ్చడానికి ఎక్కిన కూలీ రేకు విరిగి నేలమీద పడితే, ఆ ప్రాణానికి ఏ ధారణా కట్టలేరు.

ఎండకు చవక మందు

వేడి తగ్గించడానికి అన్నింటికన్న చవకయిన మార్గం తెలుపు. లేత రంగు రేకు, లేదా కప్పుపై వేసే తెల్లని ప్రతిఫలన పూత ఎండను చాలావరకు తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన శీతల కప్పుల విధానంలో వాణిజ్య కట్టడాలను కూడా చేర్చింది. అది 2028 వరకు వర్తిస్తుంది. పూతమీద దుమ్ము పేరుకుంటే గుణం తగ్గుతుంది గనుక ఏటా కడిగించాలి. నడికొప్పుమీద తిరిగే గాలి చక్రాలు పెట్టించేవారు గోడ అడుగున గాలి వచ్చే జాలీలు కూడా వుంచాలి. లోపలికి దారి లేనిదే బయటికి పోయే గాలి వుండదు.

అసలు లెక్క

500 చదరపు మీటర్ల కప్పుకు లెక్క కోసం రెండు ధరలు వూహించుకోవచ్చు. మొదటి రకం మీటరుకు 600 రూపాయలు, 12 ఏళ్ళు నిలుస్తుంది. రెండవ రకం 900 రూపాయలు, 25 ఏళ్ళు నిలుస్తుంది. మొదటిదానికి 3 లక్షలు, ఏడాదికి 25,000 పడుతుంది. రెండవదానికి 4 లక్షల 50 వేలు, ఏడాదికి 18,000 మాత్రమే. పైగా మొదటి రకం మార్చవలసిన ఏడు గిడ్డంగి ఖాళీ చేసి అద్దె పోగొట్టుకోవాలి. ఇక ఒక్క రాత్రి 40 కిలోల మిర్చి టిక్కీలు నూరు తడిసి క్వింటాలుకు రెండువేలు ధర పడిపోతే నష్టం 80,000. రేకు ధరలో చూసుకున్న ఆదా సగానికిపైగా ఆ రాత్రితో సరి.

కప్పు వేయించి బిల్లు చెల్లించేముందు యజమాని చేయదగిన పరీక్ష ఒకటుంది. మిట్టమధ్యాహ్నం తలుపులన్నీ మూయించి, దీపాలు ఆర్పి, లోపల నిలబడి పైకి చూడాలి. సూదిమొనంత వెలుగు కనిపించిన ప్రతిచోటూ సుద్దతో గుర్తు పెట్టించాలి. ఆ పరీక్ష ఏటా మే నెలలో, నైరుతి వానలకు ముందు మళ్ళీ చేయాలి. వెలుగు దూరిన చోటికి నీరు దారి కనుక్కోవడానికి ఒక్క వాన చాలు.