రోమ్‌లో అమ్మతో

చిరంజీవి స్రవంతికి,


మీ అమ్మ సెప్టెంబరులో నీ దగ్గరికి మ్యూనిక్ వస్తోందనీ, వచ్చిన వారంలోనే ఇద్దరూ రోమ్ వెళ్తున్నారనీ విని ఎంత సంతోషించానో! నువ్వు పంపిన ప్లాను చూశాను. అందులో సగం కొట్టెయ్యమని చెప్పడానికే ఈ ఉత్తరం. రోమ్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ మన ఇంటి పెద్దవాళ్లను చాలామందిని తిప్పాను. పైగా మీ అమ్మ నా చెల్లెలు. అందుకే చనువుగా చెబుతున్నాను.

కాళ్లు నొప్పులని మీ అమ్మ నోరు తెరిచి చెప్పదు. ‘పర్లేదు, నడుద్దాం’ అంటుంది. రాత్రి నువ్వు పడుకున్నాక మోకాళ్లకు మందు రాసుకుంటుంది. రోమ్ పాతబస్తీ వీధుల్లో చాలావరకు నల్లరాతి దిమ్మలు పరిచి ఉంటాయి. ఎగుడుదిగుడు నేల, చెప్పులతో నడిస్తే కాలు బెణుకుతుంది. చీర మీదికి బాగుండవని అన్నా సరే, మెత్తటి బూట్లు కొనుక్కుని, హైదరాబాదులోనే కొన్నాళ్లు తొడిగి అలవాటు చేసుకుని రమ్మను. అలసిపోతే స్పానిష్ మెట్ల మీద కూర్చోవచ్చనుకోకు. 2019 నుంచి అక్కడ కూర్చోవడం నిషేధం, జరిమానా వేస్తారు. దానికన్నా దారిలో కనబడిన చర్చిలోకి వెళ్లి కూర్చోండి. చల్లగా ఉంటుంది, చాలాచోట్ల టికెట్టు ఉండదు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి కాబట్టి నీ సంచిలో ఒక చున్నీ పెట్టుకో.

మీ అమ్మకు ఎప్పుడూ అయిదింటికల్లా మెలకువ వచ్చేస్తుంది. మన అయిదంటే అక్కడ రాత్రి ఒకటిన్నర. వచ్చిన కొత్తలో ఏ మూడింటికో నాలుగింటికో లేచి, నిన్ను లేపకుండా చీకట్లో కూర్చుంటుంది. ఆ మెలకువను వాడుకో. తెల్లవారుతుండగానే ట్రెవీ ఫౌంటెన్ దగ్గరికి తీసుకెళ్లు. పదింటికి ఇసకేస్తే రాలని ఆ చోట ఆ వేళకి నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. 1762లో పూర్తయిన కట్టడం అది. అందులో జనం వేసే నాణేలు పేదలకు సాయం చేసే కారితాస్ సంస్థకు వెళ్తాయి. ఆ మాట చెబితే మీ అమ్మ తప్పకుండా ఒక నాణెం వేస్తుంది. పదకొండు దాటాక గదికి చేరి భోంచేసి పడుకోండి. సాయంత్రం మళ్లీ బయల్దేరవచ్చు.

పాంథియన్‌కి మాత్రం తీరిగ్గా వెళ్లండి. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో కట్టింది, దాదాపు 1,900 ఏళ్లయింది. ఇనప చువ్వలు లేకుండా కాంక్రీటుతో కట్టిన గుమ్మటాల్లో ఇప్పటికీ ప్రపంచంలో అదే పెద్దది, 43 మీటర్ల వెడల్పు. పైకి పోయేకొద్దీ గుమ్మటం మందం తగ్గించి, కాంక్రీటులో తేలికైన రాళ్లు కలుపుతూ పోయారు. అందుకే నిలిచింది. నడినెత్తిన పెద్ద రంధ్రం ఉంటుంది, దానికి మూత లేదు. వాన పడితే లోపలే పడుతుంది, నేలలోని చిన్న చిన్న కన్నాల్లోంచి పోతుంది. మీ అమ్మమ్మను తీసుకెళ్లినప్పుడు ఆవిడ బెంచీ మీద కూర్చుని, పైనుంచి పడే ఎండ గోడ మీద జరగడం చూస్తూ, ‘ఇంకాసేపు ఉందాం రా’ అంది. అప్పటికి నేను మనసులో వేసుకున్న మిగతా కార్యక్రమమంతా మానేశాం.

కొలోసియం టికెట్టుకు వేళ ఉంటుంది, పేరు ఉంటుంది. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకో. లోపల మెట్లు నిటారుగా ఉంటాయి, లిఫ్టు ఎక్కడుందో అడుగు. అదే టికెట్టు మీద రోమన్ ఫోరం శిథిలాలు కూడా చూడవచ్చు, నా మాట విని ఎక్కువసేపు అక్కడే ఉండండి. మీ అమ్మ హైస్కూల్లో ఏళ్ల తరబడి సాంఘిక శాస్త్రం చెప్పింది. శాతవాహనులకూ రోమ్‌కూ జరిగిన వర్తకం ఎన్ని తరగతులకు చెప్పిందో! మాక్సెంటియస్ బసిలికా దగ్గర నిలబెట్టి, ఇక్కడ ఒకప్పుడు మిరియాల గిడ్డంగులుండేవట అని చెప్పు. డొమిషియన్ చక్రవర్తి కట్టించినవి. మన దేశం నుంచి ఓడల్లో వచ్చిన మిరియాలు అక్కడ నిలవ చేసేవారు. భారతదేశపు సరుకుల కోసం ఏటా 5 కోట్ల సెస్టెర్స్‌ల రోమన్ డబ్బు పోతోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. రోమన్ బంగారు నాణేలు మన వినుకొండలో కూడా బయటపడ్డాయి. ఇక పాఠం మీ అమ్మ అందుకుంటుంది. నువ్వు ఫోను లోపల పెట్టి విను. నువ్వు చూపిస్తే చూసి వెళ్లిపోయే మనిషి కాదు మీ అమ్మ, చూసినదాని గురించి తనకూ చెప్పాల్సింది ఉంటుంది.

వాటికన్ మ్యూజియంలో నడక ఎక్కువ. చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, మొహమాటపడకుండా తీసుకో. సిస్టీన్ చాపెల్‌లో గట్టిగా మాట్లాడనివ్వరు, ఫొటోలు తియ్యనివ్వరు. అందుకని పైకప్పు బొమ్మల కథలు ముందే ఆవరణలో చెప్పెయ్యి.

తిండి సంగతి. బసకు హోటలు వద్దు, వంటిల్లున్న గది తీసుకో. టెర్మినీ స్టేషన్ దగ్గర ఎస్క్విలీనో మార్కెట్టులో బంగ్లాదేశ్ వాళ్ల కొట్లుంటాయి. బెండకాయలు, కాకరకాయలు, పచ్చిమిర్చి దొరుకుతాయి. వాటి ధరలు అడుగుతూ మీ అమ్మ అరపూట గడిపేస్తుంది, గడపనివ్వు. బయట తింటే వెల్లుల్లి, ఎండుమిరప, ఆలివ్ నూనెతో చేసే స్పగెట్టీ అడుగు, తనకు నోటికి హితవుగా ఉంటుంది. చేప వెయ్యొద్దని మాత్రం చెప్పు. హోటళ్లు రాత్రి ఏడున్నర దాకా తెరవరు కాబట్టి సాయంత్రానికి చేతిలో ఏదైనా ఉంచుకో. నీళ్ల సీసాలు కొనక్కర్లేదు. వీధికొక ఇనప కుళాయి ఎప్పుడూ పారుతూ ఉంటుంది. గొట్టం మూతికి వేలు అడ్డం పెడితే పైనున్న కన్నంలోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి, వంగక్కర్లేకుండా తాగవచ్చు.

64వ నంబరు బస్సులో జేబుదొంగలు ఎక్కువ. బంగారు గాజులు మ్యూనిక్‌లో పెట్టి రమ్మను, నల్లపూసలు జాకెట్టు లోపలికి వేసుకోమను. బీపీ మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి, చీటీ మీద మందు అసలు పేరు రాయించుకోవాలి. వీసాకు తీసుకున్న ఇన్సూరెన్సు కాగితం ఫొటో నీ ఫోనులోనూ, నా ఫోనులోనూ ఉండనీ.

టికెట్లు తీసేలోగా మార్చిన ప్లాను ఒకసారి నాకు పంపు.

ఆశీస్సులతో,
మావయ్య